పారాథైరాయిడ్‌కి చిన్న కోత ఆపరేషన్ సరిపోతుందా, మెడంతా తెరవాలా?

మీ అమ్మగారికి రక్తంలో కాల్షియం, పీటీహెచ్ (పారాథైరాయిడ్ గ్రంథులు వదిలే, కాల్షియాన్ని పెంచే హార్మోన్) రెండూ ఎక్కువున్నాయి, స్కాన్‌లో ఒక గ్రంథే పెరిగినట్టు వచ్చిందన్నారు కదా, అయితే చాలావరకు సరిపోద్దండి. మెడలో థైరాయిడ్ వెనకాల బియ్యపు గింజంత పారాథైరాయిడ్ గ్రంథులు మామూలుగా నాలుగుంటాయి, నూటికి 80 కేసుల్లో చెడేది ఒక్కటే, అందుకే అల్ట్రాసౌండ్, సెస్టమిబి స్కాన్ (కొద్దిగా రేడియోధార్మికత ఉన్న మందు ఎక్కించి తీసేది) చేసి అదెక్కడుందో పట్టుకుని 2, 3 సెంటీమీటర్ల కోతతో దాన్నే తీసేస్తారు.

అసలు కిటుకు ఆపరేషన్ టేబుల్ మీదుంది. పీటీహెచ్ రక్తంలో కొద్ది నిమిషాలే ఉంటుంది, కాబట్టి గ్రంథి తీసిన 10 నిమిషాలకి మళ్ళీ రక్తం తీసి చూస్తే సగానికి పైగా పడిపోవాలి, పడలేదంటే ఇంకోటి కూడా పాడైందేమోనని మిగతావీ వెతుకుతారు, అప్పుడు కోత పెద్దదవ్వొచ్చు, ముందే మనసులో పెట్టుకోండి. వైజాగ్‌లో మహారాణిపేట ఆసుపత్రులకి వెళ్ళినా ఆరిలోవ వాటికి వెళ్ళినా ఈ టెస్టు ఆపరేషన్ మధ్యలోనే చేస్తారా, సర్జన్‌గారు ఇవి తరచూ చేస్తారా అని అడగండి, నాకైతే కెమెరాతోనో రోబోతోనో ఆపరేషన్ చేస్తారా అన్నదానికన్నా అదే ముఖ్యం.

కిడ్నీ ఫెయిలై నాలుగు గ్రంథులూ పెరిగినోళ్ళకి ఈ చిన్న కోత పద్ధతి పనికిరాదు. ఇంటికొచ్చాక మూతి చుట్టూ, వేళ్ళలో తిమ్మిర్లొస్తే కాల్షియం పడిపోతున్నట్టు, వెంటనే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి.