శిరీషకు, సిరప్ చిక్కబడే వేళ గురించి

అమ్మాయ్ శిరీషా,

అంబత్తూరులో షెడ్డు తీసుకున్నావట, అక్రిలిక్ షీట్లు పోస్తావట. ఫోన్లో మీ అమ్మది సగం ఏడుపు, సగం గొప్ప. నాదీ అంతే అనుకో. పైగా నన్నడక్కుండా అడ్వాన్స్ ఇచ్చేశావని కోపం.

కళ్లద్దాలు, గ్లవ్స్, గాలాడే ఏర్పాటు నీకు చెప్పక్కర్లేదు. మోనోమర్, అంటే ఇంకా గొలుసు కట్టని విడి అణువుల ద్రవం, ఉన్న డ్రమ్ముల్ని ఎండలో పెట్టకు. దానంతటదే గట్టిపడకుండా అందులో కలిపి పంపే ఎంఈహెచ్‌క్యూ ఆక్సిజన్ ఉంటేనే పనిచేస్తుంది; జాగ్రత్త అనుకుని నైట్రోజన్ నింపేవు!

నా భయమంతా సిరప్, అంటే కొంత గొలుసు కట్టిన మోనోమర్, చిక్కబడే వేళే. నేను పనిచేసిన ఒకచోట షిఫ్ట్ ఇన్‌చార్జి ఉండేవాడు, చెయ్యి తిరిగినవాడే. నైట్ డ్యూటీలో సైట్ గ్లాసులోంచి చూసి, చిక్కబడింది కదా, అయిపోయిందనుకున్నాడు. కూలింగ్ వాటర్ కట్టేసి టీకి వెళ్లాడు. వచ్చేసరికి టెంపరేచర్ ముల్లు పరుగెడుతోంది. సేఫ్టీ డిస్క్ పగిలి ఆవిరి కక్కింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, మన అదృష్టం. రియాక్టర్లో బిగుసుకున్న దిమ్మను ఉలీ సుత్తీ పెట్టి తవ్వాం.

మోనోమర్ అణువులు ఒక్కొక్కటే చేరుతూ పెరిగే గొలుసు ఆగాలంటే దాని కొస ఇంకో గొలుసు కొసను కలవాలి. స్టైరీన్ అనే మోనోమర్‌లో ఎక్కువగా రెండూ అతుక్కుని ఒకటవుతాయి. నీ అక్రిలిక్ మోనోమర్ మిథైల్ మెథాక్రిలేట్‌లో ఎక్కువగా ఒకటి హైడ్రోజన్ ఇస్తుంది, ఇంకోటి పుచ్చుకుంటుంది, విడివిడిగా ఆగిపోతాయి. దీపావళి ముందు మన రంగనాథన్ వీధి తలుచుకో. జనంలో ఇరుక్కున్న రెండు కుటుంబాలు కలుసుకోలేవు, పిల్లలు మాత్రం సందుల్లోంచి దూరిపోతారు. చిక్కటి సిరప్‌లోనూ పొడుగు గొలుసులు కదల్లేవు, మోనోమర్ మాత్రం కొసలకు తగులుతూనే ఉంటుంది. ఆగేవి తగ్గుతాయి, వేగం పెరుగుతుంది. గొలుసులో చేరే ప్రతి మోలు మోనోమర్‌కు సుమారు 57 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. చిక్కదనంలో అదీ బయటికి పోదు. దీన్నే ట్రామ్స్‌డార్ఫ్ ప్రభావమని పరీక్షలో రాసే ఉంటావు. రాయడం వేరు, పక్కన నిలబడటం వేరు.

మీ అమ్మ మనసులో ఉన్నది 2020 మే 7, విశాఖ. అక్కడ ట్యాంకులో ఇన్హిబిటర్, అంటే గొలుసు కట్టకుండా ఆపే మందు, చాలక స్టైరీన్ తనంతట తానే గొలుసు కట్టి వేడెక్కింది, 12 మంది పోయారు. ఆవిణ్ణి పిరికిదని వెక్కిరించకు.

మొదట చిన్న బ్యాచ్‌లే పెట్టు. ఫినోథయజిన్ ద్రావణం చేతికందేలా ఉంచు, అది ఆక్సిజన్ లేకపోయినా గొలుసులు పెరగకుండా ఆపుతుంది. కరెంటు పోతే పంపు ఆగకూడదు కాబట్టి జనరేటర్ వచ్చేదాకా ఏదీ మొదలెట్టకు. డబ్బు చాలకపోతే నన్నడుగు. మీ అమ్మకు చెప్పక్కర్లేదు.

మీ మావయ్య