క్యాంటీన్‌లో పెట్టించిన సంతకాలు

చి. స్వాతికి, మామయ్య ఆశీస్సులు.

మీ మందుల ఫ్యాక్టరీలో ట్రైనింగ్ అంతా కంప్యూటర్‌లోకి మార్చే పని నీకు అప్పజెప్పారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అపార్ట్‌మెంట్‌లో అందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

సిస్టమ్ సరిగ్గా పనిచేస్తోందని రుజువు చేసే వ్యాలిడేషన్, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో నమోదయ్యే ఆడిట్ ట్రయల్, ఒకరి పాస్‌వర్డ్ ఇంకొకరు వాడకపోవడం ఇవన్నీ నీకు నేను చెప్పక్కర్లేదు. 1997లో అమెరికావాళ్లు కంప్యూటర్ రికార్డులకు, సంతకాలకు పార్ట్ 11 అనే రూలు తెచ్చినప్పటి నుంచీ ఉన్నవే. ఎవరికి ఏ ఎస్‌ఓపీలు, అంటే పని ఎలా చేయాలో రాసిన కాగితాలు, కావాలో ఆ పట్టిక మాత్రం దగ్గరుండి రాయించు. అందరికీ అన్నీ అంటగడితే ఎవరూ ఏదీ చదవరు.

నా భయం వేరే. నేను జీడిమెట్లలో క్యూఏలో, అంటే నాణ్యత చూసే విభాగంలో ఉన్నప్పుడు, మందు పొడిని వేడిగాలితో ఆరబెట్టే ఫ్లూయిడ్ బెడ్ డ్రయ్యర్ ఎస్‌ఓపీ మారింది. అంతవరకు అందులో పొడి ఎగిరిపోకుండా ఆపే గుడ్డ సంచులు, అవే ఫింగర్ బ్యాగులు, ఉతికి ఏ మందుకైనా వాడేవాళ్లం. ఒక మందు ఇంకోదాంట్లో కలవకుండా, ఇకపై ఏ మందు బ్యాగు ఆ మందుకే అన్నారు. తెల్లారితే అమలు, సాయంత్రం దాకా ట్రైనింగే లేదు. నేను క్యాంటీన్‌కి వెళ్లి, టీ తాగుతున్న 22 మందితో ‘చదివాను, అర్థమైంది’ అన్న కాగితం మీద సంతకాలు పెట్టించుకొచ్చాను. పావుగంట పట్టలేదు. ఎస్‌ఓపీ ఏమో ఇంగ్లీషులో. వాళ్లలో సగం మందికి తెలుగు చదవడమే కష్టం.

కొన్ని నెలలకు అమెరికా ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఫైళ్లు పక్కన పెట్టి నేరుగా మందు పొడిని రవ్వలా చేసే గ్రాన్యులేషన్ గదిలోకి నడిచాడు. ఈ బ్యాగు దేనికి వాడుతున్నావని ఆపరేటర్‌ని అడగమన్నాడు. ఆ అబ్బాయి దాపరికం లేకుండా రెండు మందుల పేర్లు చెప్పాడు. మందుల పేర్లు ఏ భాషలోనైనా ఒకటేగా, నేను నోరు విప్పేలోపే ఆయన రాసేసుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ చివర్లో చేతికిచ్చే తప్పుల జాబితా 483లో అదే మొదటి అబ్జర్వేషన్. “సంతకం పెట్టావు కదయ్యా!” అని అతని మీద అరిచాను. “మీరే పెట్టమన్నరు గద సారూ” అన్నాడు. మూలకారణం ‘మానవ తప్పిదం’ అని రాశాం, దిద్దుబాటు ‘మళ్లీ ట్రైనింగ్’ అన్నాం. అంటే అదే కాగితం మీద ఇంకో సంతకం. అతను కాంట్రాక్టు మనిషి, ఆ తర్వాత గేటు లోపలికి రానివ్వలేదు. నాకేమీ కాలేదు. పేరు ఎంత తలచుకున్నా గుర్తురావట్లేదు గానీ, వంకరగా పెట్టిన ఆ సంతకం గుర్తుంది.

నాకు పావుగంట పట్టిన తప్పు నీ సిస్టమ్‌లో ఒక్క క్లిక్కుతో అయిపోతుందే! తెర మీద నూటికి నూరు శాతం కనిపిస్తే ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు, ఆ హాయిని నమ్మకు. ఎస్‌ఓపీ ఆమోదానికీ అమలుకీ మధ్య రోజులు తప్పనిసరి చెయ్. ట్రైనింగ్ కాని మనిషికి ఆ మెషీన్ మీద డ్యూటీ పడకుండా అడ్డం వెయ్. మనిషి చేసే ఆ పనిలోనే శిక్షణ ఉండాలని అమెరికావాళ్ల 211.25 రూలే చెబుతోంది. కాబట్టి సూపర్‌వైజర్ పక్కన నిలబడి, అతను చేస్తుంటే చూశాకే టిక్ పడాలి. తేదీ దాటుతోందని పైవాళ్లు తొందరపెడతారు. అప్పుడు టెన్షన్ పడకుండా నాకు ఫోన్ చెయ్, ఎంత రాత్రయినా సరే.

వీడియోలు తెలుగులో, హిందీలో, ఒడియాలో తీయించు. తెలుగుది ముందు నాకు పంపు. కడగడం అన్నచోట ‘ప్రక్షాళనము’ అని పెట్టించావో, ఇంత పెద్దదానివని కూడా చూడను, చెవి మెలేస్తాను.

మీ మామయ్య