మోటుపల్లి వెళ్లే ముందు

హన్మకొండ

చి. రమ్యకు ఆశీస్సులు.

బిడ్డా, ప్రాజెక్టు కోసం కాకతీయుల కాలపు రేవు మోటుపల్లికి పోతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది. ఓరుగల్లు అనగానే కోట, తోరణాలు, చెరువులు చెప్పుకుంటాం. ఆ కోటలోకి కర్పూరం, ముత్యాలు ఏ రేవు మీదుగా వచ్చాయని అడిగేవాళ్లు తక్కువ.

ముందు మోటుపల్లి శాసన పాఠం చదువు. శాసనాలు అచ్చువేసే ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటంలో ఉంది. 1244లో కాకతీయ రాజు గణపతిదేవుడు వర్తకులకు భరోసా ఇస్తూ వేయించిన అభయ శాసనం అది. అంతకుముందు తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ రాజులే బలవంతంగా లాక్కునేవాళ్లు. ప్రాణం కన్నా ధనమే గొప్పదనుకుని సముద్రానికి ఎదురెళ్లిన వర్తకుల దగ్గర సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోమని ఈయన మాటిచ్చాడు. ఆ సుంకం ముప్పయ్యో వంతు. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించు. ఓడ మునిగి, మిగిలిన సరుకూ రాజు పాలైతే ఆ వర్తకుడు మళ్లీ ఆ రేవు మొహం చూస్తాడా? ధర్మం కోసం, కీర్తి కోసం అని శాసనం అంటుంది. వ్యాపారం లెక్క కూడా బాగా తెలిసిన రాజని నేనంటాను.

సరుకుల జాబితా చేత్తో రాసుకో: చందనం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకలు. వీటిలో ఏది బయటి నుంచి వచ్చింది, ఏది మన దగ్గర్నుంచి పోయింది అని ఒక్కోదాని పక్కన రాస్తూ పో. నీ ప్రాజెక్టులో సగం అక్కడే తయారవుతుంది.

వెనిస్ నుంచి వచ్చిన యాత్రికుడు మార్కో పోలో ఈ రేవును ముత్ఫిలి అన్నాడు. ఇక్కడి బట్టలు సాలెగూడంత సన్నమని మెచ్చుకున్నాడు. రుద్రమను మాత్రం చనిపోయిన రాజు భార్య అని రాశాడు. ఆమె గణపతిదేవుడి కూతురు. వ్యాపారి కాబట్టి బట్టల సంగతి అతన్ని నమ్ము, వంశం సంగతి శాసనాల్లో చూసుకో.

1323తో ఆపేయకు. ఆ ఏడు ఓరుగల్లు పడిపోయాక, 1358లో రెడ్డి రాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ అభయం ఇవ్వాల్సి వచ్చింది. ఎందుకో వివరంగా రాయి.

వరంగల్‌లో రైలెక్కి చీరాలలో దిగు. శాసన స్తంభం వీరభద్రస్వామి గుడిలో ఉంది. పొద్దున్నే పో, ఏటవాలు వెలుగులో అక్షరాలు తేటగా కనబడతాయి. సుద్దముక్క రాయికి తగలనీయకు. పూజారిగారిని అడిగాకే ఫోటో తీయి. రాసింది ముందు నాకు పంపు, దిద్ది పంపిస్తా.

నీ పెద్దబాపు