క్లాట్ ఎర్రర్, పగిలిన ట్యూబ్: సమాధానం

రెడ్ క్యాప్ ట్యూబులకు (ఎర్ర మూత ఉన్న ప్లెయిన్ రక్త నమూనా ట్యూబులు) బయోకెమిస్ట్రీ అనలైజర్, అంటే రక్తంలోని రసాయనాలను కొలిచే మెషిన్, పదేపదే క్లాట్ ఎర్రర్ (గడ్డ అడ్డుపడిందన్న హెచ్చరిక) చూపిస్తోందని, ఒక గాజు ట్యూబ్ ర్యాక్‌లోనే పగిలిందని రాశారు కదండీ. ప్రోబ్ (నమూనాను పీల్చే సూది) మార్చే ముందు ఇవి చూడండి.

ప్లెయిన్ ట్యూబ్‌ను సెంట్రిఫ్యూజ్ చేసేముందు (వేగంగా తిప్పి సీరం వేరుచేసే ముందు) రక్తం పూర్తిగా గడ్డకట్టేలా 30 నుంచి 60 నిమిషాలు నిలువుగా, కదపకుండా ఉంచాలి. తొందరపడితే సీరంలో (గడ్డ పోగా మిగిలే ద్రవం) ఫైబ్రిన్ పోగులు (గడ్డను అల్లే ప్రోటీన్ దారాలు) మిగిలిపోయి ప్రోబ్‌కు అడ్డం పడతాయి. హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) మీద ఉన్న రోగుల రక్తం గడ్డకట్టడానికి ఇంకా ఆలస్యమవుతుంది. రిపోర్టు కోసం వార్డు నుంచి ఫోన్లు వస్తుంటే ఆగడం కష్టమేలెండి.

ట్యూబ్ పగలడానికి నా అనుమానం ర్యాక్ మీద. 16 మి.మీ. గుంతలో 13 మి.మీ. ట్యూబ్‌ను అడాప్టర్ లేకుండా పెడితే అది ఒరుగుతుంది, ప్రోబ్ నేరుగా అంచుకు తగులుతుంది. మూత తీయడం మర్చిపోయినా తగిలేది ప్రోబే. వీలైతే గాజు మానేసి ప్లాస్టిక్ ట్యూబులు వాడండి.

మళ్లీ పగిలితే మెషిన్ ఆపి, ప్రోబ్‌ను కదిపే ఆర్మ్ పూర్తిగా నిలిచాకే కవర్ తెరవండి. గ్లవ్స్ ఉన్నా ముక్కలను చేత్తో తీయొద్దు. ఫోర్సెప్స్‌తో (పట్టకారుతో) తీసి, నీలి గుర్తున్న పంక్చర్ ప్రూఫ్ డబ్బాలో వేయండి. హైపోక్లోరైట్‌తో (బ్లీచ్ ద్రావణంతో) తుడిస్తే తర్వాత నీళ్లతోనూ తుడవాలి, లేకపోతే లోహం తుప్పు పడుతుంది.