హమార్షియాను ‘లోపం’ అని బట్టీ పట్టకండి

ప్రశ్న: ఎం.ఏ. ఇంగ్లిష్ మొదటి ఏడాది చదువుతున్నాను. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష యూజీసీ నెట్ రాయాలని ఉంది. హమార్షియా, హ్యూబ్రిస్, పెరిపెటియా లాంటి గ్రీకు విషాద నాటకాల పదాలు, ఇతిహాసాల పదాలు గైడు చూసి బట్టీ పడుతున్నా, ప్రశ్న కాస్త తిప్పి అడిగితే తప్పు పెడుతున్నాను. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: గైడు కొన్నాళ్లు పక్కన పెట్టండి. గ్రీకు కవి హోమర్ ఇతిహాసం ‘ఇలియడ్’, సోఫోక్లీస్ విషాద నాటకం ‘ఈడిపస్ రెక్స్’ ఇంగ్లిష్ అనువాదాలు తెచ్చుకోండి. నాటకం ఒక్క పూటలో అయిపోతుంది. ‘ఇలియడ్’ 24 భాగాలు, రోజుకొకటి చదివినా నెల పట్టదు.

హమార్షియాకు గ్రీకులో మూలార్థం గురి తప్పడం. ‘ఇలియడ్’ యుద్ధంలో విసిరిన ఈటె తగలకుండా పోతే హోమర్ వాడేది ఈ పదానికి క్రియారూపమే. గైడ్లలో ‘ట్రాజిక్ ఫ్లా’ (విషాద నాయకుడి లోపం) అని ఉండేసరికి మనం దాన్ని నాయకుడి చెడ్డగుణం అనుకుంటాం. ఈడిపస్ సంగతి చూడండి. తండ్రిని చంపుతావన్న జోస్యానికి భయపడి, కన్నవాళ్లనుకున్నవాళ్లకు దూరంగా కొరింథ్ వదిలిపోతాడు. దారిలో మూడు బాటల కూడలి దగ్గర గొడవపడి ఒకాయన్ని చంపుతాడు. ఆయనే తండ్రని తెలీదు. నాయకుడు పతనమయ్యేది దుర్మార్గం వల్ల కాదు, ఏదో హమార్షియా, అంటే పొరపాటు వల్ల అని నాటకాల మీద రాసిన ‘పొయెటిక్స్’లో అరిస్టాటిల్ అన్నది ఇలాంటి చోటే అర్థమవుతుంది. హ్యూబ్రిస్ వేరు. అది ఎదుటివాణ్ని అవమానించే పొగరు. ఏథెన్స్‌లో దానిమీద కేసు కూడా పెట్టేవారు. ఈ రెండింటినీ ఒకటి చేసే ఆప్షన్ కనిపిస్తే అనుమానించండి.

కొరింథ్ నుంచి వచ్చిన వార్తాహరుడు ‘నువ్వు వాళ్లకు పుట్టినవాడివే కాదు’ అని ఈడిపస్ భయం పోగొట్టబోతాడు. ఆ మాటే కొంప ముంచుతుంది. ఇలా అనుకున్నది తలకిందులవడమే పెరిపెటియా. తానెవరో తెలుసుకోవడం అనగ్నోరిసిస్. అరిస్టాటిల్ స్వయంగా ఇచ్చిన ఉదాహరణ ఇదే.

క్లాసులో ఎవరో ఒకరు కర్ణుణ్ణి తెస్తారు. తేవాల్సిందే. కానీ ‘కర్ణుడి చావుకు కారణాలు అనేకం’ అని మనవాళ్లు ఊరికే అనలేదు. శాపాలు, ఇచ్చిన మాటలు, పుట్టుక రహస్యం, ఇవన్నీ ఒక్క హమార్షియాలో ఇమడవు. ఎం.ఏ. పేపర్లో పోలికకన్నా ఈ తేడా రాయండి.

ఇతిహాసం వైపు గందరగోళం తక్కువే. ‘ఇన్ మీడియాస్ రెస్’ (కథను నడిమధ్యలోంచి ఎత్తుకోవడం) అరిస్టాటిల్ మాట కాదు, రోమన్ కవి హోరేస్‌ది. ‘ఇలియడ్’ మొదలయ్యేది ట్రాయ్ యుద్ధం పదో ఏట, ముగిసేది ట్రాయ్ వీరుడు హెక్టర్ అంత్యక్రియలతో. కొయ్యగుర్రం కథ అందులో రాదు. చదవనివాళ్లు జారిపడేది ఇక్కడే. ఎపిథెట్లు (పేరుకు తగిలించే విశేషణాలు), ఎపిక్ సిమిలీలు (సుదీర్ఘమైన ఉపమలు) చదువుతుంటే వాటంతటవే పట్టుబడతాయి.

నెట్ రెండో పేపర్లో 100 ప్రశ్నలు, 200 మార్కులు, నెగెటివ్ మార్కులు లేవు. సిలబస్ పది యూనిట్లు, ఈ పదాలు అందులో ఓ మూల. కాబట్టి నెలకు మించి వీటిమీద కూర్చోవద్దు. ఎం.ఏ. రెండో ఏడాదిలోనే దరఖాస్తు చేసుకోవచ్చు కనుక ఈ రెండు పుస్తకాలూ ఈ సెలవుల్లోనే ముగించండి.