న్యాయ సహాయ వకీలుగా చేరుతున్న అమ్మాయికి

అమ్మా,

జిల్లా న్యాయ సేవాధికార సంస్థ తరఫున ముద్దాయిల వకీలుగా చేరుతున్నావని విని సంతోషించాను. ముప్పై ఏళ్లకు పైగా సెషన్స్ కోర్టుల్లో నిలబడినవాడిగా నీకు ముఖ్యంగా చెప్పదలచినది ఒక్కటే: కాగితాలు చదవకుండా, ముద్దాయితో మాట్లాడకుండా ఏ సాక్షినీ ఎదుర్కోవద్దు.

కొత్తలో ఒక హత్య కేసులో నన్ను అప్పటికప్పుడు నియమించి, ఆ పూటే, పోలీసులు కత్తి స్వాధీనం చేసుకున్నప్పుడు దగ్గరున్న పంచనామా సాక్షిని బోనెక్కించారు. గడువు అడిగితే జడ్జిగారు ఏమనుకుంటారోనని జంకి నేను ఊరుకున్నాను. వాంగ్మూలం అడుగున ‘క్రాస్: నిల్’, అంటే ఎదురు ప్రశ్నలేవీ అడగలేదని, టైపు చేశారు. కత్తి ఎవరి సమక్షంలో దొరికిందో అడగవలసినవాణ్ణి నేనే. సాయంత్రం పోలీసు వ్యాను ఎక్కుతూ ఆ ముద్దాయి, “మా వకీలు మీరేనా సార్?” అని అడిగాడు.

అటువంటి జంకు నీకు అక్కరలేదు. అనోఖీలాల్ కేసులో 2013లో మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా కోర్టు, వకీలును నియమించిన రోజే అభియోగాలు మోపి, రెండు వారాల్లో విచారణ ముగించి మరణశిక్ష వేసింది. సుప్రీంకోర్టు 2019లో ఆ తీర్పును కొట్టివేసి, మళ్లీ విచారించమని పంపుతూ, యావజ్జీవం లేదా మరణశిక్ష పడగల కేసుల్లో కనీసం పదేళ్ల అనుభవమున్న వకీలునే నియమించాలనీ, సిద్ధపడడానికి సాధారణంగా కనీసం ఏడు రోజులివ్వాలనీ చెప్పింది. గడువు కోరే మెమోలో ఆ తీర్పును ఉదహరించు. కాదంటే, నువ్వు అడిగిన సంగతి రికార్డులో నమోదు చేయించు. ప్రశ్నలు మిగిలిపోతే క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 348వ సెక్షను కింద సాక్షిని తిరిగి పిలిపించమని ఆలస్యం చేయకుండా పిటిషను వెయ్యి.

జైలుకు వెళ్లినప్పుడు ఛార్జిషీటు నకలు తీసుకువెళ్లి, అతని యాసలోనే అతనికి చదివి వినిపించు. ‘ఆ రోజు ఎక్కడున్నావు’ అని అడిగి ఊరుకోక, ఏ మేస్త్రీ కింద పనిచేశాడో, కూలి ఎవరిచ్చారో, ఏ బస్సులో ఇంటికి వచ్చాడో ఓపికగా అడిగితేనే పనికొచ్చే సాక్షి పేరు బయటపడుతుంది. గంట చాలకపోతే మరో రోజు వెళ్లు.

కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కును 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను ఇచ్చింది. జైలు గేటు దగ్గర పుస్తెలు తాకట్టు పెట్టడానికి సిద్ధపడే తల్లులు కనిపిస్తారు. నీకు గానీ, నీ పేరు చెప్పుకొని వచ్చేవారికి గానీ రూపాయి ఇవ్వనక్కరలేదని వారికి మొదటి రోజే చెప్పి, న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100 నంబరు కాగితం మీద రాసి చేతికివ్వు.

ఆశీస్సులతో,
మీ సీనియరు