టెక్ సందేహాలు: యాప్‌లో 32, గాజు మీద 46... ఏది నమ్మాలి?

ప్రశ్న: మా పెంపుడు పాము (బాల్ పైథాన్) ఉండే గాజు పెట్టె అడుగున హీట్ మ్యాట్ అతికించి, దాన్ని వైఫై స్మార్ట్ ప్లగ్‌కి పెట్టాను. పెట్టె లోపలి గోడకి వైర్‌లెస్ సెన్సర్ ఉంది. 32 డిగ్రీలు దాటితే ప్లగ్ ఆఫ్, 30కి తగ్గితే ఆన్ అయ్యేలా యాప్‌లో సెట్ చేశాను. ఎప్పుడు చూసినా 31, 32 చూపిస్తోంది. నిన్న శుభ్రం చేస్తూ అడుగున పరిచిన పొట్టు పక్కకి జరిపితే గాజు చురుక్కుమంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూస్తే 46! సెన్సర్ పాడైపోయిందా?

జవాబు: సెన్సర్ బాగానే ఉండి ఉంటుంది. గోడ దగ్గర గాలి నిజంగానే 32 ఉంది. వేడి అసలు పుట్టేది మాత్రం అక్కడ కాదు. మ్యాట్ ముందు గాజుని వేడెక్కిస్తుంది. ఆ పైన ఉన్న పొట్టు దుప్పటిలా వేడిని కిందే పట్టి ఉంచుతుంది. పైన గాలి 32 దాటేదాకా మీ ప్లగ్ మ్యాట్‌ని ఆపదు, ఈలోగా కింద గాజు కాలిపోతూ ఉంటుంది. వేడిని బట్టి హీటర్‌ని ఆన్, ఆఫ్ చేసే ఏ థర్మోస్టాట్‌కైనా తన ప్రోబ్ (వేడిని కొలిచే భాగం) కొన దగ్గరున్న వేడి తప్ప ఇంకేమీ తెలియదు. పాము ఎక్కడ పడుకుందో దానికేం తెలుసు?

ముందు మ్యాట్ ప్లగ్ తీసేయండి. తర్వాత పాముని మెల్లగా ఎత్తి పొట్ట కింద పొలుసులు చూడండి. ఎర్రదనం, బొబ్బలు, గోధుమ రంగు మచ్చలు కనిపిస్తే ఆలస్యం చేయకుండా సరీసృపాలు చూసే పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. మనకి చెయ్యి చురుక్కుమంటే వెంటనే తీసేస్తాం. పాము అలా తప్పుకుంటుందని నమ్మడానికి లేదు, కాలుతున్న చోటే గంటల తరబడి చుట్ట చుట్టుకుని ఉండిపోగలదు. పైగా బాల్ పైథాన్‌కి పొట్టులో దూరి అడుగున పడుకోవడం ఇష్టం. అందుకే ఈ 46 నన్ను భయపెడుతోంది.

ఇప్పుడు ప్రోబ్ సంగతి. వైరున్న ప్రోబ్‌తో వచ్చే విడి థర్మోస్టాట్ తీసుకుని, ప్రోబ్‌ని పెట్టె బయటే, మ్యాట్‌కీ గాజుకీ మధ్య పెట్టండి. 32 దగ్గర సెట్ చేసి రెండు మూడు గంటలు ఆగండి. తర్వాత పొట్టు జరిపి లోపలి గాజుని కొలవండి. అది ప్రోబ్ అంకె కన్నా కాస్త తక్కువే ఉంటుంది. చాలకపోతే ఒక్కో డిగ్రీ పెంచుతూ, పెంచిన ప్రతిసారీ ఆగి కొలవండి. వెచ్చని వైపు నేల 31 నుంచి 33, చల్లని వైపు 25 నుంచి 27 ఉంటే బాల్ పైథాన్‌కి హాయిగా ఉంటుంది. మ్యాట్ ఒక వైపు మాత్రమే, పెట్టె అడుగులో మూడో వంతుకి మించకుండా ఉండాలి. వేడెక్కితే పాము జరిగి వెళ్లడానికి చల్లని చోటు మిగలాలి కదా.

ప్రోబ్ లోపల పెట్టకూడదా అంటే, పెట్టేవాళ్లున్నారు. కానీ పాము దాన్ని ముక్కుతో తోసేస్తుంది. చల్లని వైపుకి జారిందంటే అక్కడి 26 చదువుకుంటూ మ్యాట్‌ని ఆపనే ఆపదు. నీళ్ల గిన్నె ఒలికి ప్రోబ్ తడిసినా ఇదే గొడవ, తడి ఆరేదాకా అంకె తక్కువ చూపిస్తుంది, వేడి పెరుగుతూ పోతుంది. లోపలే పెట్టాల్సి వస్తే కదలకుండా క్లిప్పులతో బిగించండి. సెల్లో టేపు మాత్రం వద్దు. అది ఊడి పాముకి అంటుకుంటే తీసేటప్పుడు పొలుసులు, చర్మం ఊడొస్తాయి.

ఇక స్మార్ట్ ప్లగ్. సెన్సర్ బ్యాటరీ అయిపోయిందనుకోండి. యాప్‌లో చివరి అంకె 30 దగ్గరే నిలిచిపోతుంది, మ్యాట్ ఆన్‌లోనే ఉండిపోతుంది. వైఫై పోతే ఆఫ్ చేయమన్న ఆదేశం ప్లగ్‌కి అందకపోవచ్చు. ప్లగ్ లోపల కరెంటుని కలిపి విడదీసే స్విచ్ (రిలే) అతుక్కుపోతే యాప్ ఆఫ్ అని చూపిస్తున్నా కరెంటు పారుతూనే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పాము కొన్ని గంటల చలికి తట్టుకుంటుంది. అతి వేడి మాత్రం చాలా తక్కువ సేపట్లో ప్రాణం తీస్తుంది. కాబట్టి ఏ భాగం పాడైనా వేడి ఆగిపోయేలా అమర్చుకోవాలి.

నా సలహా: అసలు పని విడి థర్మోస్టాట్‌కి అప్పగించండి. దానికీ ఇంటి గోడకున్న ప్లగ్ పాయింట్‌కీ మధ్య ఇంకో థర్మోస్టాట్ పెట్టి, దాని ప్రోబ్ కూడా మ్యాట్ దగ్గరే ఉంచి, 3 డిగ్రీలు ఎక్కువకి సెట్ చేయండి. మొదటిది ఆన్‌లో ఇరుక్కుపోతే రెండోది ఆపుతుంది. మీ వైఫై సెన్సర్‌ని పారేయక్కర్లేదు, ఫోన్‌కి అలర్ట్ పంపడానికి అది బాగా పనికొస్తుంది. అయితే ఆ అలర్ట్‌ని రక్షణ అనుకోకండి. మీరు నిద్రలో ఉంటే దాన్ని చూసేదెవరు?

ప్రశ్న: థర్మోస్టాట్‌లలో ఆన్-ఆఫ్, పల్స్, డిమ్మింగ్ అని మూడు రకాలు కనిపిస్తున్నాయి. ఏది కొనాలి?

జవాబు: మీ దగ్గరున్న హీటర్‌ని బట్టి ఉంటుంది. మ్యాట్‌కైతే ఆన్-ఆఫ్ సరిపోతుంది, కాకపోతే వేడి ఒకటి రెండు డిగ్రీలు పైకీ కిందకీ ఊగుతుంది. పల్స్ రకం కరెంటుని చిన్న చిన్న విడతల్లో ఇస్తుంది కాబట్టి ఆ ఊగు తగ్గుతుంది. మ్యాట్‌లకీ, వెలుతురివ్వని సిరామిక్ హీటర్లకీ అది బాగుంటుంది. వెలిగే హాలోజన్ బల్బుకి మాత్రం కరెంటుని మెల్లగా పెంచుతూ తగ్గిస్తూ ఉండే డిమ్మింగే కావాలి. పల్స్ పెడితే బల్బు మిణుకుమిణుకుమంటూ పాముని చికాకు పెడుతుంది, ఆన్-ఆఫ్ పెడితే తొందరగా కాలిపోతుంది. ఏది కొన్నా, దాని మీద రాసిన వాట్ల పరిమితి మీ హీటర్ వాట్ల కన్నా ఎక్కువ ఉందో లేదో చూసుకోండి.

సిరామిక్ హీటర్ వాడితే రెండు జాగ్రత్తలు. దాని ఉపరితలం 200 డిగ్రీలు దాటగలదు, కాబట్టి ప్లాస్టిక్ హోల్డర్ వద్దు, పింగాణీ హోల్డరే వాడాలి. పెట్టె లోపల ఉంటే చుట్టూ జాలీ తప్పనిసరి, పాము దానికి చుట్టుకోవడానికి చూస్తుంది. లోపల కరెంటు తీగతో వేడెక్కే హీట్ రాక్‌లు అసలు కొనకండి.

ప్రశ్న: ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో ఒకే చోట మూడుసార్లు కొలిస్తే మూడు అంకెలు వస్తున్నాయి. ఎందుకు?

జవాబు: ఆ ఎర్ర చుక్క గురి చూసుకోవడానికే, గన్ కొలిచేది అంతకన్నా పెద్ద వృత్తాన్ని. 12:1 అని రాసి ఉంటే 12 అంగుళాల దూరం నుంచి 1 అంగుళం వెడల్పున్న చోటుని కొలుస్తుందని అర్థం. వెనక్కి జరిగే కొద్దీ చుట్టుపక్కల చల్లని నేల కూడా లెక్కలో కలుస్తుంది. ప్రతిసారీ ఒకే దూరం నుంచి, దగ్గరగా పెట్టి కొలవండి. బయటి నుంచి గాజు గుండా కొలిస్తే వచ్చేది గాజు వేడే, కాబట్టి తలుపు తీసి కొలవాలి. మెరిసే లోహం మీద కూడా అంకె తప్పొస్తుంది.

గన్‌తో పాటు, ప్రోబ్ ఉన్న మామూలు డిజిటల్ థర్మామీటర్ ఒకటి, గరిష్ఠం కనిష్ఠం గుర్తుపెట్టుకునేది, కొని వెచ్చని వైపు నేల మీద ఉంచండి. దాని ప్రోబ్ నీళ్లలో తడవగలిగేదైతే, చితక్కొట్టిన ఐస్ గ్లాసు నిండా వేసి, మునిగేంత నీళ్లు పోసి కలిపి, అందులో ముంచి 5 నిమిషాలు ఆగండి. సున్నాకి ఒక డిగ్రీ అటూఇటూగా చూపిస్తే చాలు. రోజూ పొద్దున్నే రాత్రి తాలూకు గరిష్ఠం చూసి, రీసెట్ నొక్కి, నీళ్ల గిన్నె మార్చండి.